హాల్లో పడుకున్న నాలుగో అమ్మాయి

2020 మార్చి చివరివారం. ఇక్కడ మనకి లాక్‌డౌన్. అక్కడ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో మా అమ్మాయికి ఎమ్మెస్ క్లాసులన్నీ ఆన్‌లైన్. రోజుకి మూడుసార్లు ఫోన్లు. బియ్యం ఉన్నాయా, పప్పులు ఉన్నాయా అని నేనడుగుతుంటే మధ్యలో అది, "అమ్మా, జనాభా లెక్కలు నింపమని మా అపార్ట్‌మెంట్‌కి ఉత్తరం వచ్చింది" అంది.

"మీకెందుకే? మీరు చదువుకోడానికి వెళ్ళినవాళ్ళు కదా!" అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. ఓటు లేనివాళ్ళని, వీసా గడువు మీద ఉన్నవాళ్ళని ఏ దేశం మాత్రం తన జనంలో కలుపుకుంటుంది? తర్వాత తెలిసింది, అమెరికా లెక్కకి పౌరసత్వంతో పనిలేదని. ఏప్రిల్ 1 నాటికి మనిషి మామూలుగా ఎక్కడ ఉంటూ, ఎక్కడ పడుకుంటుంటే అక్కడే లెక్క. చూసిపోడానికి వచ్చిన టూరిస్టుని రాయరు, అక్కడే ఉండి చదువుకునే విద్యార్థిని రాస్తారు. హాస్టల్లో ఉండేవాళ్ళ సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది. బయట అద్దెకుండేవాళ్ళు తమది తామే నింపాలి. చట్టప్రకారం అది తప్పనిసరి కూడా.

పదేళ్ళకోసారి జనాన్ని లెక్కించాలన్నది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. మొదటిసారి 1790లో లెక్కించారు. అప్పట్లో ఇంటిపెద్ద పేరు ఒక్కటే రాసి, మిగతావాళ్ళని అంకెల్లో చూపించేవారు. అంటే ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు వట్టి అంకెలే. బానిసల సంగతి మరీ ఘోరం. పార్లమెంటు సీట్లు పంచేటప్పుడు ఐదుగురు బానిసల్ని ముగ్గురుగా కట్టేవారు. ఇంట్లో ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది, అదీ బానిసలు కానివాళ్ళకే.

అద్దె ఒప్పందం మా అమ్మాయి పేరు మీద ఉంది కాబట్టి ఫారంలో మొదటి మనిషి అదే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కంచం తీసి సింకులో వెయ్యని పిల్ల అక్కడ ఇంటిపెద్ద! ఆ ఉత్తరంతోపాటు ఎన్నో భాషల ముచ్చట కూడా చెప్పింది. ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు కాక 12 భాషల్లో నింపొచ్చట, అందులో తెలుగు లేదు. ఎలా నింపాలో చెప్పే పుస్తకాలు మాత్రం 59 భాషల్లో వేశారు, వాటిలో తెలుగు ఉంది. లింకు పంపమని అడిగి నేనూ చదివాను. బి.ఏ. తెలుగు చదివినందుకు ఆ పూట ఎంత సంబరపడ్డానో!

జాతి అడిగే ప్రశ్న దగ్గర అమ్మాయి 'అమెరికన్ ఇండియన్' అని కనపడగానే టిక్కు పెట్టబోయి ఆగిందట. అది అక్కడి ఆదివాసులది. మనది 'ఏషియన్ ఇండియన్'. ఈ గడి ఎప్పట్నుంచి ఉందో వెతికితే ఒక కథే బయటపడింది. 1920, 1930, 1940 లెక్కల్లో మనవాళ్ళని 'హిందూ' అనే జాతిగా రాశారు. కాలిఫోర్నియాలో పొలాలు చేసుకుంటున్న పంజాబీ సిక్కులు కూడా అందులో హిందువులే. మధ్యలో 1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం ఇవ్వమని సుప్రీంకోర్టు తేల్చింది. తీరా 1970 లెక్కల్లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపేశారు! అక్కడి మనవాళ్ళు పట్టుబట్టి అడిగితేగానీ 1980లో 'ఏషియన్ ఇండియన్' అన్న గడి రాలేదు.

ఇంతవరకూ సరదాగానే నడిచింది. అసలు చిక్కు వేరే ఉంది. ఒప్పందంలో ఉన్నవాళ్ళు ముగ్గురు. ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు. ఆ నాలుగో అమ్మాయి ఖమ్మం వైపు పిల్ల, హాల్లో పరుపు వేసుకుని పడుకునేది. అద్దె కలిసొస్తుందని ఇలా ఉండటం మన పిల్లల్లో మామూలే. కానీ ఫారంలో మొదటి ప్రశ్నే ఇంట్లో ఎంతమంది ఉన్నారని. ఆ వెంటనే, మీరు చెప్పకుండా వదిలేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, రూమ్మేట్లు ఉన్నారా అని ఇంకో ప్రశ్న. "అమ్మా, ముగ్గురని రాయనా, నలుగురని రాయనా?" అని అడిగింది.

"ముగ్గురనే రాయి. ఓనరుకి తెలిస్తే ఈ కరోనాలో ఎక్కడికి పోతారు?" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

వివరాలు ఓనరుకి గానీ, పోలీసులకి గానీ, వీసావాళ్ళకి గానీ చెప్పకూడదని చట్టముంది. బయటపెట్టిన ఉద్యోగికి ఐదేళ్ళ వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. అమ్మాయి ఇదంతా చెప్పింది కూడా. నేను వినలేదు. నా భయం పూర్తిగా ఉత్తదేమీ కాదులెండి. ఆ ఫారంలో పౌరసత్వం ప్రశ్న పెట్టాలని ప్రభుత్వం చూస్తే, 2019 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. ప్రశ్న రాలేదు గానీ భయం మిగిలింది. అంతకుముందు యుద్ధకాలంలో, 1942లో, జపాన్ మూలాలున్నవాళ్ళని ఇళ్ళలోంచి శిబిరాలకి తరలించినప్పుడు, ఏ ప్రాంతంలో వాళ్ళెంతమంది ఉన్నారో సైన్యానికి చెప్పింది ఈ జనాభా లెక్కలే. అప్పటికి నాకు ఇవేవీ తెలియవు మరి. తెలియకుండానే భయపడ్డాను.

అది ముగ్గురనే రాసింది. నాలుగో పిల్లకి చెప్పలేదు.

2021 ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. మొత్తం 33 కోట్ల 14 లక్షల పైచిలుకు. ఆ లెక్కనిబట్టే ఏ రాష్ట్రానికి ఎన్ని పార్లమెంటు సీట్లో పంచుతారు. న్యూయార్క్‌కి ఒక సీటు పోయింది. మిగతా రాష్ట్రాల లెక్క అలాగే ఉండి, న్యూయార్క్‌లో ఇంకో 89 మంది ఉండుంటే ఆ సీటు పోయేది కాదట. ఎనభై తొమ్మిది! అమ్మాయి ఆ వార్త పంపి కింద ఏమీ రాయలేదు. నేనూ జవాబివ్వలేదు. ఒక్క పిల్ల వల్ల సీటు పోలేదని నాకూ తెలుసు. కానీ బఫలోలో ఎన్ని హాళ్ళలో ఎన్ని పరుపులున్నాయో, ఎంతమంది తల్లులు ఫోన్లో నాలాగే సలహా ఇచ్చారో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి ఆలస్యంగా తట్టింది. మన జనాభా లెక్కల్లో విదేశంలో ఉంటున్న పిల్లల్ని ఇక్కడి ఇంట్లో రాయరు. పైగా 2011 తర్వాత 2021లో జరగాల్సిన లెక్క మనకి జరగనే లేదు. అంటే ఆ అమ్మాయిని అక్కడా రాయలేదు, ఇక్కడా రాయలేదు. అక్కడి ఫారాల్లోని పేర్లు 72 ఏళ్ళ తర్వాత బయటపెడతారు, 1950 నాటివి 2022లో పెట్టారు. 2092లో ఎవరైనా ఆ బఫలో ఇంటి కాగితం చూస్తే మూడు పేర్లే ఉంటాయి.

ఆ పిల్ల ఇప్పుడు ఇండియా వచ్చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. మొన్నామధ్య మా ఇంటికొస్తే గుత్తివంకాయ కూర చేశాను. మాటల్లో 2027 లెక్కల సంగతి వచ్చింది. "నీ పేరు తప్పకుండా రాయించుకో అమ్మా" అన్నాను.

"అదేంటాంటీ, అంత గట్టిగా చెప్తున్నారు?" అని నవ్వింది. ఇంకో ముద్ద పెట్టుకోమని కూర గిన్నె దాని ముందుకి జరిపాను.