కాందిశీకులు కట్టుకొన్న ఫరీదాబాదు

భారతకథలో పాండవులకు రెండు నివాసములు లభించినవి. మొదటిది వారణావతమందలి లక్కయిల్లు. పరులు కట్టి యిచ్చినది, చూపునకు కడు సుందరమైనది. రెండవది ఖాండవప్రస్థము. వట్టి అడవి. దానిని వారు తామే పట్టణముగా దిద్దుకొనిరి. ఆ ఇంద్రప్రస్థమే నేటి ఢిల్లీయని పెద్దల మాట. దానికి దక్షిణమున, ఇరువది మైళ్ల లోపున, 1949లో ఇల్లు వాకిలి కోల్పోయినవారు మరియొక పట్టణమును కట్ట నారంభించిరి. అదియే పాత ఫరీదాబాదు ప్రక్కన వెలసిన క్రొత్త ఫరీదాబాదు.

వీరు వాయవ్య సరిహద్దు రాష్ట్రమునుండి, బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్, కోహాట్ మున్నగు చోట్లనుండి వచ్చిన హిందువులు, సిక్కులు. 1948 జనవరిలో బన్నూ కాందిశీకుల రైలుపై పశ్చిమ పంజాబులోని గుజరాత్ స్టేషనున దాడి జరిగి, పెక్కుమంది హతులైరి. బ్రతికి వచ్చినవారికి గుడారములే గతియైనవి. ప్రభుత్వము వారిని పలు తావులకు చెదరగొట్టి నిలుపదలచగా వారు సమ్మతింపక ఆందోళన చేసిరి. ఇది మొండితనమని కొందరు తలచి యుండవచ్చును. నాకట్లు తోచదు. కన్నవారిని కన్నులయెదుట పోగొట్టుకొన్న వానికి, ఆ కన్నవారి పేరెరిగిన ఇరుగుపొరుగే మొదటి గోడ, మొదటి కప్పు.

బాబూ రాజేంద్రప్రసాదుగారి అధ్యక్షతన ఫరీదాబాదు అభివృద్ధి మండలి ఏర్పడెను. నెహ్రూగారు స్వయముగా సమావేశములకు వచ్చుచుండిరి. సుధీర్ ఘోష్ గారు కార్యభారము వహించిరి. కమలాదేవీ చట్టోపాధ్యాయగారి భారత సహకార సంఘము తోడుపడెను. కాంట్రాక్టర్ల చేత కట్టింపక కాందిశీకుల చేతనే కట్టింపవలెనన్నది వారి పట్టు. తక్కెడ పట్టిన వర్తకులు తాపీ పట్టగలరా యని సందేహించినవారు లేకపోలేదు. అయినను శ్రామిక సహకార సంఘములు వెలసినవి. దానము పుచ్చుకొనుచుండిన చేతులు కూలి పుచ్చుకొన్నవి. సుమారు 5,000 ఇండ్లు లేచినవి.

ఈ పట్టణమునకు ప్రణాళిక వ్రాసిన ఆటో కోనిగ్స్‌బెర్గర్ గారును కాందిశీకుడే. హిట్లరు పాలనవలన 1933లో జర్మనీ విడిచి, ఈజిప్టు మీదుగా వచ్చి, 1939లో మైసూరు సంస్థానమున కొలువుచేసి, 1948లో కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణాధికారి యయ్యెను. ప్రతి పేటకును తన బడి, తన అంగడి, తన వైద్యశాల యుండవలెననుట ఆయన పద్ధతి. ఆయనదే మరియొక యత్నమును గలదు. ఢిల్లీలోని జంగపురాయందు గోడపలకలను యంత్రములతో పోతపోసి, కాందిశీకులకు తెచ్చి బిగించి యిచ్చు కర్మాగారము. పలకలు త్రోవలోనే పగిలినవి. 1951లో ఆయన ఈ దేశము విడిచెను.

లెక్కలు వ్రాయు వృత్తివాడను గనుక ఒక మాట. కాగితముపై గృహసంఖ్య మాత్రమే కూడినచో కర్మాగారమునకే మొగ్గుదును. కాని ఏ చిట్టాలోను పొరుగువాని పేరునకు, తన చేతి ఇటుకకు పద్దు లేదు.

ఇండ్లు పూర్తియైన పిదప పని కొరవడెను. ఉద్యోగివర్గపు పట్టు బిగిసి, సహకార సంఘములు సడలినవి. కట్టినవారిలో పలువురు క్రొత్తగా వచ్చిన కర్మాగారములలో కూలికి చేరిరి. వారు కట్టిన పేటలు మాత్రము ఒకటవ నంబరు మొదలు ఐదవ నంబరు వరకు ఆ సంఖ్యలతోనే నేటికిని పిలువబడుచున్నవి.