మంటలార్పే వారి సర్వీసు లెక్క



ఈ ప్రత్యేక సంచికకు "లెక్కకు రాని సర్వీసు" అన్న విషయం మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన జీవోల గురించీ, కోర్టు తీర్పుల గురించీ రాయడానికి మన సంఘంలో నాకంటె ఘనులు చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్ళి, అమెరికా అడవుల్లో వేసవి రాగానే మంటలార్పే పనికి కుదిరి, చలి మొదలు కాగానే ఇంటికి పోయే సీజను ఉద్యోగుల చరిత్ర చెబుతాను. మన పిల్లలు ఎందరో ఆ దేశంలోనే ఉన్నారు. కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరకు వెళ్ళిన మిత్రులు పొగకు భయపడి తలుపులు, కిటికీలు వేసుకొని కూర్చున్న రోజులు ఉండే ఉంటాయి. 2020 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలు ఆకాశం నారింజ రంగుకు తిరిగి, దీపాలు పెట్టుకోవలసి వచ్చింది. ఆ పొగకు అవతలి వైపు ఎవరున్నారు, వారిని ఏ పద్దు కింద తీసుకున్నారు, వారికి పెన్షను ఉందా లేదా అన్నది మనబోటి వారికి సహజంగా రావలసిన సందేహం.

నాకు ఈ విషయం పట్టుబడడానికి వేరే కారణం కూడా ఉంది. నా సర్వీసులో కొన్నేళ్ళు ఒక అటవీ డివిజను కార్యాలయంలో గుమాస్తాగా పని చేశాను. ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైనప్పటి నుంచి జూన్‌లో తొలకరి పడేవరకు అడవికి కావలిగా ఫైర్ వాచర్లను పెట్టేవారు. చాలామంది చెంచులు, లేదా అడవి అంచు పల్లెలవారు. వారి వేలిముద్రలున్న మస్టరు రోళ్ళు నా బల్ల మీదికి వచ్చేవి. కూడికలు సరిచూసి, వోచరు కట్టి పంపడం నా పని. ఒకాయన పేరు పన్నెండు సీజన్లు వరుసగా మస్టరులో నేనే చూశాను. పన్నెండేళ్ళకూ ఆయనకు సర్వీసు రిజిస్టరు అనేది లేదు. ప్రతి ఫిబ్రవరిలోనూ ఆయన కొత్త మనిషే!

ఒక మాట ముందే చెప్పాలి. అడవి మంట అనగానే మనకు ఫైరింజను, నీళ్ళ గొట్టం గుర్తొస్తాయి. కొండల మీద మంటకు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? మంట రాబోయే దారిలో చెట్టూ చేమా, ఎండుటాకూ తీసేసి, పచ్చిమట్టి బయటపడేదాకా గీకి ఒక బాట చేస్తారు. తినడానికి ఏమీ దొరక్క మంట అక్కడ ఆగుతుంది. నల్లమలలో దాన్ని ఫైర్ లైను అనేవాళ్ళం. అమెరికాలోనూ అదే పేరు, అదే పని. విమానాల నుంచి ఎర్రమందు పోసినా, చివరకు మంటను ఆపేది మనిషి గీసిన ఆ గీతే. ఆ గీత గీయడానికి కావలసింది వందలకొద్దీ చేతులు, అదీ ఏడాదిలో కొన్ని నెలలే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

అమెరికా ఫారెస్ట్ సర్వీసు 1905లో ఏర్పడింది. అప్పట్లో రేంజర్లు తక్కువ, అడవులు కోట్ల ఎకరాలు. మంట లేచినప్పుడు దగ్గరి ఊళ్ళలో దొరికినవాణ్ణి దొరికినట్టు తెచ్చుకునేవారు. 1910 వేసవిలో ఐడహో, మోంటానా రాష్ట్రాలలో వాన చుక్క లేదు. స్పొకేన్, మిజూలా, బ్యూట్ వంటి ఊళ్ళలో పని లేని గని కూలీలను, కలప కోసేవారిని, రైలెక్కి పని కోసం ఊరూరా తిరిగేవారిని, ఇంగ్లీషు రాని వలస కూలీలను గంటకు 25 సెంట్లకు మాట్లాడి కొండల మీదికి పంపారు. అనుభవం ఎవరూ అడగలేదు. కాళ్ళకు గట్టి జోళ్ళుంటే చాలు. చాలక అధ్యక్షుడు టాఫ్ట్ సైన్యాన్ని కూడా పంపించాడు. అందులో నల్లజాతి సైనికులున్న 25వ పదాతి దళం వారు మంటల్లో చిక్కుకున్న ఊళ్ళను ఖాళీ చేయించి మంచి పేరు తెచ్చుకున్నారు.

ఆగస్టు 20, 21 తేదీలలో పెనుగాలి లేచింది. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆ దినకూలీలే. కొందరి అసలు పేర్లేమిటో కూడా తెలియలేదు. ఎడ్ పులాస్కీ అనే రేంజరు సుమారు 45 మందిని పాడుపడిన గని సొరంగంలోకి తోలి, బయటకు పరుగెత్తబోయిన వారిని పిస్తోలు చూపి ఆపాడు. ఐదుగురు తప్ప తక్కినవారు బతికారు. ఒక వైపు గొడ్డలి, ఇంకో వైపు పార ఉండే పనిముట్టుకు ఈనాటికీ "పులాస్కీ" అనే పేరు. ఈ కథ అమెరికాలో చాలామందికి తెలుసు.

తెలియనిది తరువాతి కథ. మంటల విషయంలో ముందు ఖర్చు పెట్టి తరువాత మంజూరు తెచ్చుకోవచ్చునని 1908లోనే చట్టం చేసుకున్నారు. కూలి డబ్బుకు అది సరిపోయింది. కాని ఒళ్ళు కాలి ఆసుపత్రిలో పడినవాడి ఖర్చుకు పద్దు లేదు. సాటి ఉద్యోగులే తమ జీతాల్లోంచి చందాలు వేసుకున్నారు. పులాస్కీకి కంటిచూపు దెబ్బతింది, ఊపిరితిత్తులు చెడ్డాయి. వైద్యం సొంత డబ్బుతోనే చేయించుకున్నాడు. చనిపోయిన కూలీల సమాధుల బాగోగులు తనే చూసేవాడు. పద్దు లేదన్న మాట మనం కూడా ఎన్ని ఫైళ్ళ మీద రాశామో తలచుకుంటే అర్థమవుతుంది. రాసేవాడికి అది ఒక వాక్యం.

1930లలో ఆర్థికమాంద్యం వచ్చాక రూజ్వెల్టు ప్రభుత్వం 1933లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం పెట్టి, పని లేని యువకులను అడవుల్లోకి పంపింది. నెలకు 30 డాలర్లు జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పోయేవి. చేతులు దండిగా దొరికాయి కనుక, 1935లో ఒక ఉత్తర్వు వచ్చింది: ఏ మంట కనబడినా మరునాడు ఉదయం 10 గంటలలోగా అదుపులోకి రావాలి. ఆఫీసులో కూర్చుని రాసిన ఉత్తర్వు అని చూడగానే తెలుస్తుంది! అక్కడి ఆదివాసులు ఏటా కొద్దికొద్దిగా చెత్త తగలబెట్టి అడవిని శుభ్రంగా ఉంచుకునేవారు. దాన్ని మానిపించి, ప్రతి చిన్న మంటనూ ఆర్పడంతో అడవి నిండా ఎండుపుల్ల పేరుకుపోయింది. ఈ కాలపు పెద్ద మంటలకు అదొక కారణమని, వేడి పెరగడం ఇంకొకటని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆదివాసుల మాట వినకపోవడం మన దగ్గరా ఉన్నదే. తమాషా ఏమిటంటే, తరువాత మంటలార్పడానికి మళ్ళీ ఆ ఆదివాసులనే పిలిచారు. 1948లో మెస్కలేరో అపాచీలతో ఏర్పడిన "రెడ్ హ్యాట్స్" దళం వారిలో మొదటివారిలో ఒకటి.

1940లో విమానం నుంచి పారాచూట్ల మీద మంట దగ్గరకు దూకేవారు వచ్చారు. యుద్ధం తరువాత ఈ పనికి కాలేజీ కుర్రాళ్ళు ఎగబడ్డారు. వేసవి సెలవుల్లో చేసుకుంటే చదువు ఖర్చు వచ్చేది. 1949 ఆగస్టు 5న మోంటానాలో మాన్ గల్చ్ అనే లోయలో 15 మంది దూకారు. కింద ఉన్న ఒక కావలివాడు కలిశాడు. సాయంత్రం గాలి తిరిగి ఎండుగడ్డి అంటుకుంది. దళ నాయకుడు వాగ్ డాడ్జ్ పారిపోవడం మాని, తన ముందున్న గడ్డికి తానే అగ్గిపుల్ల గీసి అంటించి, కాలిన నేల మీద బోర్లా పడుకున్నాడు. రమ్మని పిలిచినా ఎవరూ రాలేదు. వాళ్ళు వినని ఆజ్ఞ అది, అంతకుముందు ఎవరూ నేర్పనిది. పెద్ద మంట అతని చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. పరుగెత్తినవారిలో ఇద్దరే బతికారు, 13 మంది పోయారు. చాలామంది ఇరవయ్యేళ్ళ అటూ ఇటూ వారు. ఆ తరువాతే శిక్షణ, నియమాలు, మంట తీరును గురించిన పరిశోధన గట్టిపడ్డాయి.

ఇక ఈ రోజుల్లో ఆ కొలువు ఎలా దొరుకుతుందో చెబుతాను. వేసవి పనికి దరఖాస్తు ముందు ఏడాది శరదృతువులోనే పెట్టాలి. 18 ఏళ్ళు నిండాలి, ఫెడరల్ ఉద్యోగానికి అమెరికా పౌరుడై ఉండాలి. 45 పౌన్ల బరువు వీపున వేసుకొని మూడు మైళ్ళు 45 నిమిషాల్లో నడవాలి. పరుగెత్తకూడదు. నేను లెక్క కట్టాను, ఇరవై కిలోల బియ్యం మూటతో సుమారు ఐదు కిలోమీటర్లు ముప్పావుగంటలో. తరువాత తరగతులు, ఒక కార్డు. చేరాక పెద్ద మంటకు పంపితే రెండు వారాలు ఏకబిగిన, రోజుకు 16 గంటల దాకా పని, నేల మీద పడక. అదుపులోకి రాని మంట దగ్గర పనిచేసిన రోజుకు మూలవేతనం మీద 25 శాతం ప్రమాద భత్యం.

ఇక మన గుమాస్తాలకు రుచించే భాగం. అక్కడ ఏడాదికి పని గంటలు 2,080. తాత్కాలిక ఉద్యోగిని ఏటా తిరిగి తీసుకోవాలంటే అతని పని అందులో సగం, అంటే 1,040 గంటలు దాటకూడదు. ఓవర్‌టైము ఇందులో చేర్చరు. అందుచేత 1,039 గంటలకు ఆపేస్తారు. ఆ ఉద్యోగాల పేరే "వెయ్యిన్నీ ముప్ఫై తొమ్మిది". మనలను కూడా ఆ దేశంలో ఒక విడతకు ఆరు నెలలే ఉండనిస్తారు గాని, మనం మంటలార్పం కదా! హోదా చూడండి: దశాబ్దాల తరబడి వారి నియామకపు ఉత్తర్వులో "అగ్నిమాపకుడు" అన్న మాటే లేదు, "అటవీ టెక్నీషియన్" అని ఉండేది. పర్మనెంటు అగ్నిమాపక ఉద్యోగికి 20 ఏళ్ళ సర్వీసుతో 50వ ఏట పెన్షను వస్తుంది. 57కు దిగిపోవాలి. ఇప్పటి పెన్షను పథకం కింద 1989 నుంచి చేసిన తాత్కాలిక సీజన్లు ఆ 20 ఏళ్ళలోకి రావు. పది వేసవులు తాత్కాలికంగా చేసి పర్మనెంటు అయినవాడు మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.

2012 దాకా వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా కూడా లేదు. ఒక సీజను ఉద్యోగి మొదలుపెట్టిన విజ్ఞాపనపై లక్షకు పైగా సంతకాలు పడ్డాక, ఒబామా ప్రభుత్వం ఇచ్చింది. మరుసటి ఏడాది, 2013 జూన్ 30న, ఆరిజోనాలో యార్నెల్ కొండ మంటలో ప్రెస్కాట్ పట్టణానికి చెందిన దళంలో 19 మంది ఒకేచోట చనిపోయారు. వారిలో ఆరుగురినే పర్మనెంటుగా లెక్కవేశారు. తక్కిన 13 మంది సీజను వారు. శవపేటికలన్నిటి మీదా ఒకే జెండా కప్పారు, ఊరంతా ఒకే విధంగా ఏడ్చింది. కుటుంబ పెన్షను దగ్గరికి వచ్చేసరికి రెండు వరుసలయ్యాయి. కొందరు భార్యలు, పిల్లలను వెంటబెట్టుకొని, తమవాడు ఏడాది పొడుగునా పనిచేశాడని రుజువులు చూపించుకోవలసి వచ్చింది. ఈ ఒక్క సంగతి చదివాకే నేను ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నాను.

మన వైపు, 1994లో 2వ నెంబరు చట్టమూ, ఆ ఏప్రిల్‌లో జీవో 212 వచ్చినప్పుడు, 25-11-1993 నాటికి ఐదేళ్ళు వరుసగా పనిచేసిన ఎన్.ఎం.ఆర్.లకు దారి దొరికింది. ఆఫీసుల్లో నీళ్ళు పోసినవారు, తోటలు చూసినవారు కొందరు బాగుపడ్డారు, సంతోషం. అయితే ఏటా నాలుగు నెలలు మాత్రమే మస్టరులో కనబడే ఫైర్ వాచరు "వరుసగా" అన్న మాటను ఎలా దాటగలడు? అడవే ఏటా నాలుగు నెలలు కాలుతుంది. మా పన్నెండు సీజన్ల మనిషి కాగితం పట్టుకొని కూడా రాలేదు, అలాంటి అవకాశం ఉందని ఆయనకు ఎవరు చెబుతారు?

అమెరికాలో ఈమధ్య కొంత కదలిక వచ్చింది. 2021లో కనీస వేతనం గంటకు 15 డాలర్లు చేశారు. ఆ ఏడాది చివర వచ్చిన చట్టంలో జీతం తాత్కాలికంగా పెంచి, కనీసం వెయ్యిమంది సీజను వారిని ఏడాది పొడుగు ఉద్యోగులుగా మార్చమన్నారు. 2022లో "అటవీ అగ్నిమాపకుడు" అన్న హోదా తొలిసారి కాగితం మీదికి వచ్చింది. 2025 మార్చిలో కొత్త వేతన స్కేలు స్థిరపడింది. పాత తాత్కాలిక సీజన్లకు డబ్బు కట్టి సర్వీసులో కలుపుకునే వీలు కల్పించాలని బిల్లులు ఒకసారి కంటె ఎక్కువే కాంగ్రెసు ముందుకు వచ్చాయి.

అక్కడ పుట్టి పెరిగిన మన మనవలు ఎవరైనా ఈ పనికి వెళతామంటే, వద్దని అడ్డుపడే ముందు నియామకపు ఉత్తర్వు చదివి వినిపించమనండి. "టెంపరరీ" అని ఉంటే వెయ్యిన్నీ ముప్ఫై తొమ్మిది గంటలే. "పర్మనెంట్ సీజనల్" అని ఉంటే చలికాలం పని లేకపోయినా పేరు రిజిస్టరులో ఉంటుంది, పెన్షను కోత మొదటి జీతం నుంచే పడుతుంది. ఆ రెండో రకానికి దరఖాస్తు పెట్టుకోమనండి.