శారదా నదిలో బెండు గాలానికి ఏ రీలు కొనాలి?

తుమ్మపాల అనగానే అనకాపల్లి జిల్లాలో చాలామందికి ముందు గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ, ఆ తర్వాతే శారదా నది. కానీ వానలు తగ్గి నీళ్లు కాస్త తేటపడ్డాక, సెలవు రోజు ఫజర్ కాగానే కర్ర పట్టుకుని గట్టుకు వెళ్లేవాళ్లకు నదే ముందు. వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు ముక్క, ఒక వానపాము. తాతల నాటి నుంచి ఇదే సామాను. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే రీలు ఇంటికే వస్తోంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

సముద్రం దగ్గర ఉన్న ప్రాంతం కాబట్టి ఇక్కడ రీలు అంటే చాలామంది ఊహించుకునేది సముద్రం గట్టున వాడే పెద్ద రీలే. బరువుగా, మెరుస్తూ ఉంటుంది, పెట్టెపై ‘6000’ అని రాసి ఉంటుంది. అది కొని శారదలో బెండు వేస్తే ఏమవుతుంది? అయిదు గ్రాముల బెండు పది అడుగులు కూడా పోదు. గంటలోనే చెయ్యి లాగేస్తుంది. రెండు ఆదివారాలు చూసి దాన్ని అటక మీద పెట్టేస్తారు. తప్పు రీలుది కాదు, పనికి సరిపడని దాన్ని కొనడమే తప్పు.

ముందు నది సంగతి

శారద తూర్పు కనుమల్లో పుట్టి దేవరాపల్లి, చోడవరం, అనకాపల్లి మీదుగా సముద్రానికి పోయే వాననీటి నది. పైన దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం ఉంది. ఏడాది పొడవునా ఒకే తీరుగా పారే నది కాదిది. వానాకాలంలో బురద నీళ్లతో ఉరకలేస్తుంది. వానలు వెనక్కి తగ్గాక కొన్ని వారాలు మెల్లగా, చక్కగా పారుతుంది. ఎండాకాలానికి చాలాచోట్ల ఇసుక తేలి, అక్కడక్కడా మడుగులు మిగులుతాయి.

రీలు అవసరమా కాదా అన్నది ఈ కాలాన్ని బట్టే ఉంటుంది. మడుగులో నీళ్లు కదలవు, చేప కూడా దగ్గర్లోనే ఉంటుంది. పరిగెలు, చిన్న జెల్లలు, తిలాపియా కోసమైతే పది పన్నెండు అడుగుల వెదురు కర్ర చాలు, రీలుకు పైసా పెట్టక్కర్లేదు. ఈ మాట ఏ దుకాణంలోనూ చెప్పరు కాబట్టి ఇక్కడే చెప్పుకోవాలి.

రీలు పనికొచ్చేది నీళ్లు పారుతున్నప్పుడు. పారే నీళ్లలో బెండు గాలం వేయడమంటే బెండును ఒకచోట నిలబెట్టడం కాదు. ప్రవాహంతో పాటు వదలాలి. కింద ఎర నేలకు కాస్త పైగా, నీళ్లు మోసుకొచ్చిన తిండిలాగే కదులుతూ పోవాలి. దారం ఎక్కడైనా బిగిస్తే బెండు పక్కకు లాగుతుంది, ఎర పైకి లేస్తుంది. శీలావతి లాంటి అనుమానపు చేప అలాంటి ఎరను ముట్టదు. అంటే ఈ పనిలో రీలు మొదటి ధర్మం దారం చుట్టడం కాదు, అడ్డు లేకుండా వదలడం. రెండోది, బెండు మునిగిన క్షణంలో ఆ దారాన్ని వెంటనే ఆపగలగడం. మూడోది, పెద్ద చేప తగిలితే దారం తెగకుండా కొద్దికొద్దిగా ఇవ్వడం. ఈ మూడు పనులు గుర్తుంటే ఎంపిక సగం అయినట్టే.

ఏ రకం?

ఇంగ్లండ్‌లో నది గాలం మీద రాసిన పుస్తకాలు తిరగేస్తే సెంటర్‌పిన్ రీలును తెగ పొగుడుతారు. అది ఒక చక్రం, మధ్యలో ఇరుసు, అంతే. గేర్లు లేవు. ట్రెంట్ నది ఒడ్డున ఉన్న నాటింగ్‌హామ్ నగరం ఈ రకం రీళ్లకు పేరు పొందింది. మొదట్లో చెక్కతో చేసేవాళ్లు. నీళ్లు బెండును లాగుతుంటే చక్రం దానంతట అదే తిరిగి దారం ఇస్తుంది. బొటనవేలు అంచుకు ఆనిస్తే నెమ్మదిస్తుంది. బెండును ఇంత చక్కగా నడిపించే రీలు మరొకటి లేదన్నది నిజమే. కానీ చక్రాన్ని తిప్పడానికి ప్రవాహం నిలకడగా ఉండాలి. శారదలో అలాంటి రోజులు తక్కువ. పైగా దూరం విసరడం నేర్చుకోవడానికి చాలా ఓపిక కావాలి, మన దుకాణాల్లో దొరకడమూ కష్టమే. సరదాకి రెండో రీలుగా అయితే సరే. ఇంట్లో ఒక్కటే రీలు ఉండాలంటే ఇది కాదు.

బెయిట్‌కాస్టింగ్ రీలు కర్ర పైభాగాన కూర్చుంటుంది, అడ్డంగా తిరిగే డ్రమ్ములాంటిది. బరువైన కృత్రిమ ఎరలు విసరడానికి అది బాగుంటుంది. తేలికైన బెండు విసిరితే డ్రమ్ము వేగం ఒకటి, దారం వేగం మరొకటి అయిపోయి పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. దీన్ని వదిలేయవచ్చు.

మూతరీలు అనే మరో రకం ఉంది. ముందు డిప్పలాంటి మూత, దాని మధ్య రంధ్రంలోంచి దారం. వెనక బటన్ నొక్కితే దారం వదులుతుంది. గాలి రోజున దారం చెదరదు, పిల్లలు కూడా పావుగంటలో నేర్చుకుంటారు. అయితే ఇసుక గట్టు మీద ఇది పెద్ద తలనొప్పి. మూతలోపల ఇసుక చేరితే బయటికి కనబడదు, కరకర శబ్దం వచ్చాకే తెలుస్తుంది. చవక రకాల్లో డ్రాగ్ కూడా నమ్మదగ్గది కాదు.

ఇక మిగిలింది స్పిన్నింగ్ రీలు. కర్ర కింద వేలాడుతూ, ముందువైపు స్పూల్, దాని చుట్టూ బెయిల్ అనే తీగ కమాను ఉంటుంది. దీని వెనక ఒక ముచ్చటైన కథ ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఇలాంటి రీలుకు పేటెంట్ తీసుకున్నాడు. మిల్లులో కండె తిరగకుండానే నూలు దాని కొసనుంచి జారిపోయే పద్ధతే ఇందులోనూ ఉంది. స్పూల్ కదలదు, దారం మాత్రం చుట్టలు చుట్టలుగా జారుతుంది. అందుకే తేలికైన బెండు కూడా దూరం పోతుంది. శారద లాంటి నదికి, మొదటిసారి కొనేవాళ్లకు, ఇదే సరైనది.

సెంటర్‌పిన్ చేసే పనిని దీంతోనూ చాలావరకు చేయించుకోవచ్చు. బెండు నీళ్లలో పడ్డాక బెయిల్ మూయకూడదు. చూపుడువేలు స్పూల్ అంచుకు ఆనించి ఉంచాలి. వేలు ఎత్తితే దారం పోతుంది, ఆనిస్తే ఆగుతుంది. బెండు మునిగిందా, వేలితో దారం నొక్కిపట్టి కర్ర ఎత్తాలి. చేప తగిలాక రెండో చేత్తో బెయిల్ మూసి చుట్టడం మొదలుపెట్టాలి. ఇదంతా ఒక్క రోజులో రాదు, మూడు నాలుగు సార్లు వెళ్తే వేలికి అలవాటవుతుంది. కాబట్టి కొనేముందు కర్రకు బిగించి, పట్టుకున్న చోటునుంచి చూపుడువేలు స్పూల్ అంచుకు సులువుగా అందుతోందో లేదో చూడాలి. అందకపోతే అది ఎంత మంచి కంపెనీదైనా వద్దు.

సైజు, దారం లెక్క

షిమానో, డైవా లాంటి జపాన్ కంపెనీలు 1000, 2000, 2500, 4000 అని నంబర్లు ఇస్తాయి. ఇవి కిలోలు కావు, మీటర్లు కావు, ఒక కంపెనీ 2500 మరో కంపెనీ 2500కు అచ్చంగా సమానమూ కాదు. వరుసలో పెద్దదా చిన్నదా అన్నదే తెలుస్తుంది. నదిలో బెండుకు 2000 లేదా 2500 చాలు, బరువు 250 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చెయ్యి నొప్పెట్టదు.

గేర్ నిష్పత్తి 5.2:1 అంటే పిడి ఒకసారి తిప్పితే కమాను 5.2 చుట్లు తిరుగుతుంది. స్పూల్ వ్యాసం 45 మిల్లీమీటర్లయితే ఒక చుట్టు సుమారు 14 సెంటీమీటర్లు, అంటే ఒక తిప్పుకు దాదాపు 73 సెంటీమీటర్ల దారం వస్తుంది. నదికి ఇది హాయిగా సరిపోతుంది. ఇంకా వేగం కావాలని 6.2 రకం కొంటే ప్రతి తిప్పుకూ ఎక్కువ బలం పెట్టాలి, బెండుకు ఆ వేగం అక్కర్లేదు.

పెట్టెపై ‘0.30 – 150’ అని రాసి ఉంటే 0.30 మిల్లీమీటర్ల దారం 150 మీటర్లు పడుతుందని అర్థం. శారదలో బెండుకు 0.20 మిల్లీమీటర్ల దారం 100 మీటర్లు ఉంటే ఎక్కువే. అది మాత్రమే చుడితే స్పూల్ సగం కూడా నిండదు, దారం లోతునుంచి అంచుకు రాసుకుంటూ వస్తుంది, బెండు దూరం పోదు. చిన్న లెక్క వేస్తే సరి: దారం మందాన్ని అదే మందంతో గుణించి, పొడవుతో గుణించాలి. 0.30 × 0.30 × 150 అంటే 13.5, ఇది స్పూల్ ‘కడుపు’. 0.20 × 0.20 × 100 అంటే 4. మిగిలిన 9.5ను 0.09తో భాగిస్తే సుమారు 105. అంటే ముందు 0.30 చవక దారం 105 మీటర్లు అడుగున చుట్టి, పైన కొత్త 0.20 దారం 100 మీటర్లు చుట్టాలి. అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దిగువన ఆపాలి. నిండుగా చుడితే చుట్టలు చుట్టలుగా ఊడిపడుతుంది. ఏడాది తర్వాత పైదారం ఒక్కటే మారిస్తే చాలు, అడుగుది అలాగే ఉంటుంది. లోతు తక్కువ స్పూల్ ఉన్న రీలు దొరికితే ఈ తంటా కూడా ఉండదు.

దారం నైలాన్‌దే మేలు. అల్లిక దారం సన్నగా, గట్టిగా ఉంటుంది కానీ వేలితో ఆపాల్సిన ఈ పద్ధతిలో చర్మం కోస్తుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో మునుగుతుంది, బెండు వెనక తేలాల్సిన దారానికి అది పనికిరాదు.

డ్రాగ్‌కు నీళ్ల సీసా

చేప గట్టిగా లాగినప్పుడు స్పూల్ జారి దారం ఇచ్చే ఏర్పాటే డ్రాగ్. పెట్టెపై ‘8 కిలోల డ్రాగ్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మూడు కిలోలకు తెగే దారానికి ఎనిమిది కిలోల డ్రాగ్‌తో పనేంటి? గరిష్ఠం ఎంతన్నది కాదు, కుదుపు లేకుండా మెల్లగా మొదలవుతోందా అన్నదే చూడాలి. చేప పోయేది ఎక్కువగా ఆ మొదటి కుదుపులోనే.

సాధారణంగా దారం తెగే బరువులో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ పెడతారు. మూడు కిలోల దారమైతే 750 గ్రాములు. త్రాసు అక్కర్లేదు. లీటరు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోస్తే దాదాపు అంతే. రీలునుంచి వచ్చే దారానికి సీసా కట్టి వేలాడదీసి, అది మెల్లగా కిందికి దిగేలా ముందున్న మర తిప్పుకోవాలి. మరొక జాగ్రత్త: చేప దారం లాక్కుపోతున్నప్పుడు పిడి తిప్పకూడదు. తిప్పిన ప్రతిసారీ దారంలో అయిదు పురులు పడతాయి, మర్నాటికి అది పాత టెలిఫోన్ తీగలా చుట్టుకుంటుంది. ఇక్కడ పట్టేది వదిలేయడానికి కాదు, కూరకే. కిలోన్నర శీలావతిని దారం తెగి పోగొట్టుకుని ఇంటికొస్తే ఆ రోజంతా అదే మాట.

కొనేటప్పుడు

‘10+1 బేరింగులు’ అని చూసి మోసపోవద్దు. నాసి బేరింగులు పది కన్నా మంచివి మూడు నయం. దారం ఆనే చిన్న రోలర్ వేలితో తిప్పితే తిరగాలి, తిరగకపోతే అక్కడే దారం అరిగిపోతుంది. కొంచెం దూది తీసుకుని స్పూల్ అంచు చుట్టూ, రోలర్ మీద రుద్దాలి. పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే, దారాన్ని రోజూ కోసేది అదే. బెయిల్‌ను చేత్తో పదిసార్లు తెరిచి మూయాలి, టక్కున మూసుకోవాలి. పిడి ఊగులాడకూడదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఈ పరీక్షలన్నీ దారం చుట్టకముందే, వాపసు గడువులోపే చేసుకోవాలి. దారం చుట్టాక వాపసు అంటే గొడవే.

డబ్బు విషయంలో ఒక మాట. ఖర్చు మొత్తం రీలు మీదే పెట్టి, పాత దారం, తుప్పు గాలాలతో వెళ్లేవాళ్లు కనిపిస్తారు. ఏటా కొత్త దారానికి కొంత పక్కన పెట్టుకున్నాకే రీలు ధర లెక్కేసుకోవాలి. పేరున్న కంపెనీ తక్కువ ధర రకం, పేరు లేని కంపెనీ ఖరీదైన రకం కన్నా మంచిది. స్ప్రింగు విరిగితే విడిభాగం దొరికే అవకాశమైనా ఉంటుంది.

ఇసుక, బెల్లం

శారద గట్టున రీలుకు మొదటి శత్రువు ఇసుక. కర్రను నేల మీద పడుకోబెట్టొద్దు, గోనెసంచి పరచి దాని మీద పెట్టాలి. రెండో శత్రువు అనకాపల్లి వాళ్లకు బాగా తెలిసిందే. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దలో ఇక్కడి బెల్లం వేస్తే బొచ్చె, శీలావతి ఇష్టపడతాయి, కానీ ఆ చేతులతోనే పిడి పట్టుకుంటే రాత్రికి రీలు నిండా చీమలు. చెయ్యి తుడుచుకునే గుడ్డ వేరే ఉంచుకోవాలి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. కొళాయి కింద జోరుగా కడిగితే ఇసుక లోపలికే పోతుంది. డ్రాగ్ మర వదులు చేసి పెట్టాలి, బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు అణిగిపోతాయి.

నది విషయానికొస్తే, పైన వాన పడి నీళ్లు ఎర్రబడుతుంటే ఆ రోజు గాలం మానేయాలి, మట్టం ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేం. ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు, కాబట్టి చిక్కుకున్న బెండు కోసం నీళ్లలోకి దిగడం, పిల్లల్ని దింపడం అసలు వద్దు. ఒక బెండు, ఒక గాలం పోతే పోయింది. చెరువులైతే చాలావాటికి లీజు ఉంటుంది, గాలం వేసేముందు అడగాలి. తెగిన నైలాన్ ముక్కల్ని గట్టున వదలకుండా జేబులో వేసుకుని రావాలి, మేతకొచ్చే పశువుల కాళ్లకు, కొంగలకు అవి ఉచ్చులవుతాయి.

వానలు వెనక్కి తగ్గి నీళ్లు తేటపడే దాకా రీలు పెట్టెలోనే ఉంచక్కర్లేదు. ఈలోగా అసర్ తర్వాత డాబా మీదో, ఖాళీ స్థలంలోనో గాలం కట్టకుండా బెండు ఒక్కటే విసిరి వేలితో ఆపడం సాధన చేయవచ్చు. పిల్లలకు అదే మొదటి పాఠం.