బాలింత ప్రక్కన నిలిచే మనిషి: తోటల నుండి అరోరా దాకా

“పురుడు పునర్జన్మ” అని మన పెద్దలు అన్నారు. పునర్జన్మ ఎత్తిన తల్లికి మళ్ళీ ఒక తల్లి కావాలి. వేడినీళ్ళు కాచి పోయాలి, శొంఠి, మిరియాలతో పథ్యపు కూడు పెట్టాలి, పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకొని నీళ్ళు పోయాలి, పెద్దపిల్లలకు ఇంత వండి పెట్టాలి. ఈ పని చేసే మనిషికి వెల ఎవరు కట్టాలి అన్న ప్రశ్న నేడు అమెరికాలో ఆరోగ్య బీమా దాకా వచ్చింది. ఈ ప్రశ్నకు మూలాలు మన తోటల చరిత్రలోనూ ఉన్నవి గనుక పాఠకులతో ముచ్చటించ దలచినాము.

మన పూర్వీకులు తెలుగు తీరపు జిల్లాల నుండి మలయా కొబ్బరి తోటలకు, చెరకు తోటలకు, రబ్బరు తోటలకు వచ్చారు. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో నిలిచిపోయింది. కంగాణీల ద్వారా కూలీలను రప్పించే పద్ధతి, 1938లో భారత ప్రభుత్వం నిషేధించే దాకా సాగింది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆచారం ఓడ ఎక్కిన నాడే తెగిపోయింది. కూలీ లైన్లలో ప్రక్క గది ఆమెయే అమ్మ, పిన్ని, అత్త. పురుడు పోసిన మంత్రసాని కూడా తరచుగా తోటలో పని చేసుకొనే స్త్రీయే.

1928లో మలయాలోని ముఖ్య ప్రాంతాలకు నిర్ణయించిన దినకూలి మగవారికి 50 సెంట్లు, ఆడవారికి 40 సెంట్లు. బాలింత దగ్గర ఒక పూర్తి రోజు ఆగిన పొరుగామె ఆ 40 సెంట్లు వదులుకోవలసినదే. చెక్‌రోలులో ఆమె పనికి రాని మనిషి. ఆమె ఆ రోజు ఏ పని చేసిందో వ్రాయుటకు ఆ పుస్తకంలో గడి లేదు.

చట్టం తల్లిని పూర్తిగా మరువలేదు. ఫెడరేటెడ్ మలే రాష్ట్రాల 1923 నాటి లేబర్ కోడ్ ప్రసూతి భత్యాన్ని గుర్తించింది. అయితే గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. బ్రిటన్‌లో 1918లోనే మాతా శిశు సంక్షేమ చట్టం వచ్చింది. ప్రసవించిన తల్లుల ఇంటికి సహాయకురాలిని పంపే ఏర్పాటుకు స్థానిక సంస్థలకు అది వీలు కల్పించింది. 1946 నాటి జాతీయ ఆరోగ్య సేవా చట్టంలోనూ ఈ ఇంటి సహాయానికి చోటు దొరికింది. ఒకే సామ్రాజ్యంలో అక్కడి తల్లికి ఇంటి మనిషి అవసరమని చట్టానికి తోచింది, తోటలోని తల్లికి మాత్రం తోచలేదు.

తరువాతి కాలంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో ప్రసూతి రక్షణ ఒడంబడికను, 1958లో ప్రత్యేకంగా తోట కార్మికుల ఒడంబడికను తెచ్చింది. సెలవు, భత్యం, మంత్రసాని, వైద్యుడు, ఆసుపత్రి అన్నీ వాటిలో ఉన్నవి. ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషి లేదు. మలేసియాలో ప్రైవేటు ఉద్యోగినులకు 60 దినములుగా ఉన్న ప్రసూతి సెలవు 2023 జనవరి నుండి 98 దినములైనది. సంతోషమే, కాని సెలవు వేరు, సహాయం వేరు.

ఇంటి సహాయాన్ని బీమాలోనే చేర్చిన దేశాలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో మూల ఆరోగ్య బీమా క్రింద, బిడ్డ పుట్టిన మొదటి దినములలో శిక్షణ పొందిన సహాయకురాలు ఇంటికి వస్తుంది. తల్లీబిడ్డలను చూస్తుంది, కొంత ఇంటి పని కూడా చేస్తుంది. గంటకు కొద్ది మొత్తం మాత్రం కుటుంబం చెల్లించాలి. జర్మనీలో కాన్పు కారణంగా తల్లి ఇల్లు నడుపుకోలేనప్పుడు, ఇంట్లో మరెవరూ ఆ పని చేయలేనప్పుడు, ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇంటి సహాయం ఇస్తుంది.

ఇక అమెరికా. అక్కడ 1993 నాటి చట్టం అర్హులకు 12 వారాల సెలవు ఇచ్చింది, జీతం లేకుండా. 1996 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రి కాన్పుకు బీమా ఉన్నచోట సామాన్య కాన్పుకు 48 గంటలు, శస్త్రచికిత్స కాన్పుకు 96 గంటలు ఉండనీయాలి. ఆ తరువాత బాలింత ఇంటికి వస్తుంది. అక్కడ ఎవరున్నారు?

ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా మన తెలుగువారు ఎరిగిన ఊరు. వేంకటేశ్వరస్వామి ఆలయం అక్కడ 1986లో వెలసింది. అక్కడి తెలుగు ఇళ్ళలో కాన్పు వస్తే సందర్శక వీసా మీద ముందు అమ్మ, తరువాత అత్తగారు రావడం పరిపాటి. వీసా రాకపోయినా, అమ్మకు ఓపిక లేకపోయినా, ఆ ఇంట్లో దంపతులిద్దరే. తోటల్లో ప్రక్క గది ఆమె ఉండేది. ఇక్కడ ప్రక్కింటి తలుపు వేసి ఉంటుంది.

ఈ రాష్ట్రంలో 2024 జూలైలో గవర్నరు ప్రిట్జ్‌కర్ ఒక చట్టంపై సంతకం చేశారు. 2026 జనవరి 1 నుండి జారీ అయ్యే, పునరుద్ధరించబడే బీమాలు డూలా సేవలను, అనగా కాన్పుకు ముందు, కాన్పు వేళ, తరువాత తల్లికి తోడుండే స్త్రీ సేవలను భరించాలని అది చెప్పింది. పాలిచ్చే విషయంలో సలహా ఇచ్చే నిపుణురాలు ఇంటికి రావడమూ అందులో ఉన్నది.

ఇందులో రెండు మెలికలు. డూలా తోడు మనిషే గాని వంటమనిషి కాదు. ఇంటి పని అంతా బీమా భరిస్తుందని అనుకోరాదు. రెండవది, పెద్ద సంస్థలు అనేకం ఉద్యోగుల వైద్య ఖర్చును తమ సొంత నిధి నుండే చెల్లిస్తాయి. 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం వలన అటువంటి పథకాలకు రాష్ట్రపు బీమా నిబంధనలు వర్తించవు. కార్డు మీద బీమా కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. కనుక అక్కడి మన ఆడపడుచులు సీమంతం నాటికే ఉద్యోగ కార్యాలయంలో విచారించాలి: పథకం బీమాదా, సంస్థ సొంత నిధిదా? డూలా సేవ ఉన్నదా, ఎన్ని రాకపోకలకు? జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

ప్రక్క గది ఆమె ప్రేమతో చేసినదానికి వెల కట్టడమా అని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. ఆమె చేసినది ప్రేమే, పని కూడా. ఆ పనికి 40 సెంట్లు ఆమె తన కూలిలో నుండే కట్టింది. ఆ ఖర్చు సంఘమంతా పంచుకొనే త్రోవ బీమా. మన లైన్లలో పురుడు పోసినవారి, బాలింతలకు నీళ్ళు పోసినవారి పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారిని అడిగి ఆ పేర్లు, తోటల పేర్లతో సహా, వ్రాసి ఉంచవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.