ఐలమ్మ పొలం: పట్టా, సాగు, పంట

తెలంగాణ రైతాంగ పోరాటం గురించి రాసేవాళ్లెవరూ చాకలి ఐలమ్మను తలవకుండా ముందుకు పోరు. కాని ఆమె ఏ పొలం కోసం నిలబడిందో, ఆ పొలం మన రచనల్లో పేరుకే కనిపిస్తుంది. చాలామంది “తన భూమిని కాపాడుకున్న వీరనారి” అని రాసి ఊరుకుంటారు. ఇది పొరపాటు. పొరపాటు చిన్నదే అయినా, అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది.

పాలకుర్తిలో ఐలమ్మ కుటుంబం సాగుచేసింది సొంత భూమి కాదు. మల్లంపల్లి భూస్వామి దగ్గర కౌలుకు తీసుకున్నది. ఊరి బట్టలుతికి వెట్టి చెయ్యవలసిన కులం సేద్యానికి దిగడమే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపు అయింది. 1940ల మధ్యలో, కోతకొచ్చిన పంట మీదికి మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అడ్డం నిలిచారు. ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది.

ఇక్కడ ఒక్క పొలం మీద ముగ్గురున్నారు. హక్కు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది, చెమట ఐలమ్మది. ఆమె పోరాడింది ఆస్తి కోసం కాదు, దున్నిన చేతికి పంట దక్కాలని. “దున్నేవాడికే భూమి” అన్న నినాదానికి ప్రాణం ఈ తేడాలోనే ఉంది.

తర్వాత వచ్చిన చట్టాలను కూడా ఈ చూపుతోనే చదవాలి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం “రక్షిత కౌలుదారు”ను గుర్తించింది. ఇవి పాలకుల దయాభిక్షలు కావు. ఊళ్లు రక్తమోడ్చిన తర్వాత వచ్చినవి. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరుతో పాటు భూమిని అనుభవిస్తున్నవారి పేరుకూ చోటు దొరికింది. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. బినామీ పేర్లతో దాన్ని ఎట్లా దాటారో పల్లెల్లో అందరికీ తెలుసు.

2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది, కౌలురైతుకు అందలేదు. 2020 చట్టంతో వచ్చిన ధరణి రికార్డులో అనుభవదారు గడి లేకుండా పోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

కాగితంలో గడి తీసేసినా పొలంలో మనిషి ఉంటాడు. పొలాన్ని తల్లి అనీ, పచ్చని చీర అనీ వర్ణించే రచయితలు ఒకసారి పాత పహాణీ విప్పి చూడాలి. ఎవరి పేరు రాశారో, ఎవరి పేరు రాయలేదో గమనించాలి. ఐలమ్మను పట్టాదారుగా మార్చి కీర్తించడం కంటే, కౌలుదారుగానే ఆమెను అర్థం చేసుకోవడం నేటి సాహిత్యానికి అవసరం.