ఫిజీకి పోవు తెలుగువారికి

కర్నూలు నుండి వచ్చు రైలుమార్గము గుంతకల్లు–బెజవాడ మార్గముతో కలియు డోన్ కూడలియందు, వానలు మొగము చాటువేసిన యేట మూటాముల్లె కట్టుకొని పనికై దూరదేశములకు బయలుదేరు కుటుంబములు మా సీమవారికి వింత గావు. 1876–78 నాటి మహాక్షామము కర్నూలు, బళ్ళారి, కడప మండలములను పీడించి పోయిన మరుసటి యేడు, 1879 మే 14వ తేదీన, కలకత్తానుండి కదలిన లియొనిడాస్ అను ఓడ మొదటి భారతీయ కూలీలతో పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ ద్వీపములను చేరెను. మదరాసు రేవునుండి ఓడలు పోవుట 1903లో మొదలయ్యెను; నాటినుండి 1916 వఱకును విశాఖ, గోదావరి, కృష్ణా మండలముల తెలుగువారును, తమిళ మలయాళ సోదరులును ఆ ఓడలెక్కిరి. కూలీలను విశేషముగా పంపిన ఉత్తర ఆర్కాటు మండలమునందు నాడు చిత్తూరు ప్రాంతము చేరియుండుటచేత, రాయలసీమకును ఈ కథతో సంబంధము లేకపోలేదు.

అంతదూరమునుండి కూలీలను రప్పింపవలసిన అక్కఱ యేల కలిగెనో ఎఱుగనివానికి నేటి ఫిజీ మర్యాదలు బోధపడవు. 1874 అక్టోబరు 10న ఆ ద్వీపములు బ్రిటిషువారి యధీనమయ్యెను. మఱుసటి యేట తట్టువ్యాధి వ్యాపించి వేలకొలది ద్వీపవాసులను పొట్టనబెట్టుకొనెను. గవర్నరుగా వచ్చిన ఆర్థర్ గార్డన్, మిగిలిన ప్రజను చెఱకుతోటలకు తోలినచో వారి గ్రామవ్యవస్థ కూలిపోవునని భావించి, వారి భూమిని వారికే నిలిపి, తోటపనికి భారతీయులను తెప్పించెను. అందుచేతనే నేటికిని భూమిలో అధికభాగము ఆ దేశపు ఆదివాసుల వంశములదే. వారి పల్లెకు పోవువాడు, దారి ప్రక్కనున్నంత మాత్రాన చొరబడరాదు, గ్రామపెద్ద సెలవు పొందవలయును.

ఆ సెలవు పొందు విధానమునకు సేవుసేవు అని పేరు. అతిథి యంగోనా మొక్క వేళ్ళను కట్టగా కట్టి తెచ్చి, పెద్దయెదుట నేలపై ఉంచి, తన రాకకు కారణము వినయముగా విన్నవించుకొనును. పెద్ద దానిని స్వీకరించినప్పుడే అతడు ఆ పల్లెకు అతిథి. పిమ్మట ఆ వేళ్ళను దంచి నీటిలో పిసికి, తానోవా అను కొయ్యపాత్రనుండి కొబ్బరిచిప్పతో అందింతురు. అందుకొనువాడు ఒకమాఱు చేతులు చఱచి, బూలా అని పలికి, ఒక్క గ్రుక్కలో త్రాగి, మరల ముమ్మాఱు చఱచును. పల్లెలో టోపీ ధరింపరాదు, టోపీ ధరించుట పెద్దకే తగిన గౌరవము. మోకాళ్ళు, భుజములు కప్పుకొనవలయును. ఇంటిలోనికి పాదరక్షలతో పోరాదు. ఎవరి తలయు, పసిబిడ్డదైనను, తాకరాదు. కూర్చున్నవారి ముందుగా నడువవలసివచ్చినచో వంగి, తులౌ అని క్షమార్పణము చెప్పుకొనవలయును. పెద్దలయెదుట తల వంచి నడచు సంప్రదాయమునందు పెరిగిన మనవారికి ఇది కష్టమైన పాఠము కాదని నా నమ్మకము.

ఇక మనవారి సంగతి. దినమునకు మగవారికి ఒక షిల్లింగు కూలి చొప్పున, గిర్మిట్ అను ఒప్పందముచే అయిదేండ్లు కట్టుబడిన గిర్మిటియాలు ఇఱుకు కొట్టములలో కాపురముండిరి. ఓడలో ఒకే పంక్తిని కుడిచినవారు కులభేదము విడిచి, జహాజీ భాయీలై, అనగా ఓడసోదరులై, ఒకరికొకరు బంధువులైరి. ఆ బంధుత్వము రక్తబంధుత్వముకంటె తక్కువగా ఎన్నబడలేదు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను. 1926లో సాధు కుప్పుస్వామి నాడీ పట్టణమున దక్షిణాదివారందఱికిని సన్మార్గ ఐక్య సంఘము నెలకొల్పెను. అందు తమిళమునకే ప్రాధాన్యము కలుగుటచేత, తమ భాష అంతరించిపోవునను భయముతో తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. భారతీయులలో హిందీ రాజ్యమేలు ద్వీపములలో, అల్పసంఖ్యాకులైన జనులు, సముద్రముల కావల, తమ బిడ్డల నోట తెలుగక్షరము నిలుపుటకై చేసిన ఆ యత్నమును స్వదేశమున సుఖముగా నున్న మనము తగినంతగా ఎన్నలేదని నాకు తోచుచున్నది.

కావున అక్కడి తెలుగువారి యిండ్లకు పోవునపుడు మీదే కులము, మీ తాతది ఏ ఊరు అని ఆరా తీయవలదు. ఓడలో పోగొట్టుకొనినదానిని అడిగి వారిని నొప్పింపరాదు. వారు తమంతట తాము చెప్పినచో శ్రద్ధతో వినుడు. వారి పలుకులో హిందీ కలిసినదని నవ్వవలదు. సాయంకాలము వారు యంగోనా అందించినచో కాదనక పుచ్చుకొనుడు. అది వారు ఆ దేశపు మూలవాసులనుండి నేర్చుకొనిన ఆతిథ్యము. మొదటి ఓడ చేరిన మే 14ను స్మరించు గిర్మిట్ దినమును 2023 నుండి ఫిజీ ప్రభుత్వము మే నెలలో సెలవుదినముగా పాటించుచున్నది. ఆనాడు అక్కడ నుండు తెలుగు యాత్రికుడు సముద్రతీర విహారమును ఒక్కపూట మానుకొని వారి సభలో కూర్చుండవలయునని నా మనవి.