ముందు పడటం నేర్పుతారు

ఆడపిల్లని జూడోలో చేర్పిద్దామంటే చాలామంది అమ్మలకి ఒకటే భయం. చెయ్యో కాలో విరిగితే రేపు ఎలా అని. నిజానికి జూడోలో మొదటి పాఠమే పడటం! గడ్డం గుండెకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, అరచేత్తో చాపని గట్టిగా చరుస్తూ పడాలి. దీన్ని ‘ఉకెమి’ అంటారు. తల నేలకి తగలకుండా పడటం వచ్చాకే ఎదుటివాళ్ళని పడెయ్యడం నేర్పుతారు. నన్నడిగితే ఈ ఒక్క పాఠం కోసమైనా పిల్లల్ని పంపొచ్చు.

ఈ విద్యని తయారుచేసిన జిగోరో కానో 1860లో జపాన్‌లో పుట్టారు. మనిషి పొట్టి, బక్కపల్చన. బడిలో బలంగా ఉన్న పిల్లలు ఏడిపిస్తుంటే, పాతకాలపు యుద్ధవిద్య జుజుత్సు నేర్చుకోవడానికి గురువుల్ని వెతుక్కుంటూ వెళ్ళారు. వాళ్ళలో ఒకరు ఫుకుదా హచినోసుకే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1882లో టోక్యోలోని ఐషోజి ఆలయంలో, 12 చాపలు పట్టే గదిలో కానో తన సొంత బడి ‘కొదోకాన్’ పెట్టారు. ‘జూ’ అంటే మెత్తదనం, ‘దో’ అంటే దారి. ఎదుటివాడు తోస్తే తిరిగి తొయ్యకుండా, ఆ తోపుకే లొంగినట్టు కదిలి, వాడి బరువుతోనే వాణ్ణి పడెయ్యాలి. అందుకే చిన్న ఒళ్ళున్నవాళ్ళకి కూడా పనికొచ్చింది.

ఆ గురువుగారి మనవరాలే కైకో ఫుకుదా. 1913లో పుట్టింది, ఎత్తు ఐదడుగులు కూడా లేదు. పూల అలంకరణ, టీ మర్యాదలు నేర్చుకుంటున్న ఆ అమ్మాయిని కానో స్వయంగా పిలిచి 1935లో కొదోకాన్‌లో చేర్చుకున్నారు. అమ్మా అన్నా ఒప్పుకున్నారు, కానీ ఎందుకో తెలుసా? జూడో చేసే కుర్రాణ్ణెవరినైనా పెళ్ళి చేసుకుంటుందని! (అమ్మలు ఎక్కడైనా అమ్మలే.) ఆవిడ పెళ్ళే చేసుకోలేదు. జూడోనే పట్టుకుంది.

1953లో ఐదో డాన్ వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆడవాళ్ళకి అంతకు మించి ఇవ్వకూడదని కొదోకాన్ నియమం. ఆరోది 1972లో గానీ రాలేదు. విద్యలో లోటు లేదు, మగవాళ్ళకైతే పదో డాన్ దాకా దారి ఉంది. అయినా ఆవిడ మానెయ్యలేదు, అమెరికా వెళ్ళి నేర్పుతూనే ఉంది.

మన దేశంలో టాగోర్ 1929లోనే తకగాకి అనే జూడో గురువుని జపాన్ నుంచి శాంతినికేతన్‌కి రప్పించారు. అక్కడ అమ్మాయిలు కూడా నేర్చుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న మాటేం కాదు.

ఇక న్యూయార్క్‌లో రస్టీ కానొకోగి అనే ఆవిడ 1959లో మగవేషం వేసుకుని పోటీలో దిగి గెలిచింది. ఆడమనిషని తెలిసి పతకం వెనక్కి తీసేసుకున్నారు. ఆవిడే ఇల్లు తాకట్టు పెట్టి, 1980లో ఆడవాళ్ళ మొదటి ప్రపంచ పోటీలు తమ ఊళ్ళోనే జరిపించింది. మగవాళ్ళ జూడో ఒలింపిక్స్‌లోకి 1964లో వస్తే, ఆడవాళ్ళది పతకాల లెక్కలోకి వచ్చేసరికి 1992 అయింది.

కైకో ఫుకుదాకి 2011లో, 98 ఏళ్ళ వయసులో, అమెరికా జూడో సమాఖ్య పదో డాన్ ఇచ్చింది. తొంభై దాటాక కూడా శాన్ ఫ్రాన్సిస్కోలో పాఠాలు చెబుతూనే ఉండేది ఆవిడ.